బెయిల్ వచ్చి 34 రోజులైంది, జామీను దొరకడం లేదు

విశాఖపట్నంలో మా వీధికి చెందిన బోటు కార్మికుడొకరు దొంగతనం కేసులో రిమాండు ఖైదీగా అడవివరం కేంద్ర కారాగారంలో ఉన్నారు. 34 రోజుల క్రితమే బెయిల్ మంజూరైనా, 20,000 రూపాయల చొప్పున ఇద్దరు జామీను (ఖైదీ కోర్టుకు హాజరవుతాడని పూచీ) ఉండాలన్న షరతు వద్ద విడుదల ఆగిపోయింది.

వీధిలోని వారమంతా చందాలు వేసుకుని 22,000 రూపాయలు పోగుచేశాము, అయితే జామీనుకు కావలసింది డబ్బు కాదు, ఆస్తి కాగితాలు ఉన్న మనుషులు. మాలో దాదాపు అందరివీ అద్దె ఇళ్లే. ఇంటి పన్ను రసీదు ఉన్న ఒక పెద్దాయన ముందుకు వచ్చారు గానీ, రసీదు చనిపోయిన తండ్రి పేరున ఉన్నందున అంగీకరించలేదు. జీతం ధ్రువపత్రం ఇస్తానన్న మరొకరు చివరి నిమిషంలో భయపడి వెనక్కి తగ్గారు, ఆయనను తప్పుపట్టలేము.

బెయిల్ వచ్చిన నెలలోపు జామీను సమర్పించలేకపోతే షరతు సడలింపును కోర్టులు పరిశీలించవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు సూచించింది. పేద ఖైదీలకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకమూ ఉంది. ఖైదీ భార్యకు చదువు రాదు, ఇద్దరు చిన్నపిల్లలు.

ఇటువంటి స్థితిలో ఇక్కడి కోర్టులో జామీనుకు బదులు నగదు డిపాజిట్‌కు గానీ సొంత పూచీకత్తుకు గానీ అనుమతి పొందినవారు, ఆ దరఖాస్తును ఎవరి ద్వారా, ఏయే పత్రాలతో వేశారో దయచేసి చెప్పగలరా?