డాక్‌కు ‘లాక్’ పడలేదంటే ఏ తాళం?

ప్రశ్న:

హైఎండ్ ఆడియో పరికరాలను డిజిటల్ తీగలతో కలిపినప్పుడు వచ్చే ఇబ్బందుల గురించి తెలుగులో ఒక చిన్న మార్గదర్శిని రాస్తున్నాను. స్ట్రీమర్ (ఇంటర్నెట్ నుంచో ఇంటి నెట్‌వర్క్ నుంచో పాటలు తెచ్చి అందించే పరికరం) నుంచి సంకేతం సరిగా అందకపోతే డాక్ (డిజిటల్ సంకేతాన్ని వినదగిన అనలాగ్ సంకేతంగా మార్చే పరికరం) తెర మీద ‘లాక్’ లేదన్న సూచన వస్తుంది. దీన్ని ‘తాళం పడలేదు’ అని రాయవచ్చునా? తాళం పడకపోతే తలుపు తెరిచే ఉందన్న అర్థం వస్తుంది, అప్పుడు పాట లోపలికి రావాలి కదా అన్నదే నా సందేహం.

మొదటి సమాధానం:

తాళం అన్న మాటను వదులుకోనక్కరలేదు, ‘పడలేదు’ అన్న క్రియను మారిస్తే చాలు. తలుపుకు వేసే తాళమూ, పాటకు వేసే తాళమూ తెలుగులో ఒకే రూపంలో ఉన్నాయి. డాక్ చేసే పని ఈ రెండోదానికే దగ్గర. పరికరాల మధ్య డిజిటల్ శబ్దాన్ని పంపే ఎస్‌పీడిఫ్ పద్ధతిలో గానీ, దానికి తోబుట్టువు లాంటి ఏఈఎస్3లో గానీ క్లాక్ కోసం, అంటే వేగాన్ని తెలిపే సమయ సంకేతం కోసం, వేరే తీగ ఉండదు. ప్రతి బిట్ సరిహద్దులోనూ వోల్టేజీ ఒకసారి మారుతుంది, ఆ బిట్ ఒకటి అయితే నడుమ మరోసారి కూడా మారుతుంది. అందుకునే పరికరంలోని ఫేజ్ లాక్డ్ లూప్ ఈ మార్పులను పట్టుకొని, అవతలి వేగమెంతో గ్రహించి, తన నడకను దానికి సరిపెట్టుకుంటుంది. 44.1 కిలోహెర్ట్జ్ పాటకు, అంటే శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి నమూనాలుగా దాచిన పాటకు, సెకనుకు 28,22,400 బిట్లు, 192 కిలోహెర్ట్జ్‌కు 1,22,88,000 బిట్లు ఇలా వస్తుంటాయి. గాయకుని కాలప్రమాణాన్ని మృదంగం అందుకోవడం వంటిదే ఇది. అందువల్ల ‘తాళం కుదరలేదు’ అనండి. తలుపు తాళం గుర్తుకు రాకూడదనుకుంటే ‘లయ కుదరలేదు’ అనండి.

ఇది మాటల ముచ్చట మాత్రమే కాదు. ‘తాళం పడలేదు’ అని చదివినవారు ప్లగ్‌ను గట్టిగా నొక్కి చూస్తారు. ‘లయ కుదరలేదు’ అని చదివినవారు అవతలివైపు ఏ వేగంతో పంపుతోందని అడుగుతారు, అడగవలసిన మొదటి ప్రశ్న అదే. ఆప్టికల్ ఇన్‌పుట్లలో చాలావాటి పరిమితి 96 కిలోహెర్ట్జ్. స్ట్రీమర్‌ను 192కు అమర్చి ఉంటే తీగ ఎంత మేలైనదైనా డాక్ మౌనంగానే ఉంటుంది. వేగాన్ని 44.1కు లేదా 48కి తగ్గించినప్పుడు పాట వినిపిస్తే తీగ పూర్తిగా తెగలేదని తేలుతుంది. అయితే తీగ నిర్దోషి అని అప్పుడే తీర్పు చెప్పకూడదు. బాగా వంచిన ఆప్టికల్ తీగ గానీ, 75 ఓంల కోయాక్సియల్ స్థానంలో వాడిన మామూలు ఆర్‌సీఏ తీగ గానీ తక్కువ వేగంలో నెట్టుకొచ్చి ఎక్కువ వేగంలో తడబడవచ్చు.

రెండో సమాధానం:

‘లయ కుదరలేదు’ బాగుంది, కానీ అదొక్కటే సరిపోదు. ఇంగ్లీషు మాటను తిన్నగా తెచ్చుకున్నప్పుడు కలగలిసిపోయే స్థితులను తెలుగు క్రియలు చక్కగా విడదీస్తాయి. సూచిక వెలిగి, పాట మధ్యమధ్య తెగుతుంటే ‘లయ తప్పుతోంది’ అనాలి. ఒక పాట 44.1లోనూ తరువాతిది 96లోనూ ఉంటే డాక్ కొత్త వేగాన్ని అందుకొనేదాకా శబ్దాన్ని ఆపుతుంది, ఆ వ్యవధిలో మొదటి స్వరం వినిపించకుండా పోతుంది. ఇది లోపం కాదు, ‘లయ మారుతోంది’. తీగలు మార్చినందువల్ల ప్రయోజనం లేదు. ప్లేయర్‌లో పాటకు ముందు కాస్త నిశ్శబ్దం చేర్చే అమరిక ఉంటే దాన్ని వాడుకోవాలి.

సూచిక నిలకడగా వెలుగుతున్నా శబ్దం లేకపోవడమో, బుసబుసమన్న రొద రావడమో మరో స్థితి. టీవీ నుంచి డాల్బీ డిజిటల్ (కుదించిన బహుళ చానెళ్ల శబ్దం) సంకేతం స్టీరియో డాక్‌కు చేరినప్పుడు ఇలా జరుగుతుంది. ఆ సంకేతం కూడా ఎస్‌పీడిఫ్ చట్రంలోనే ప్రయాణిస్తుంది కనుక లయ కుదురుతుంది, కానీ లోపలున్నది పీసీఎం (నమూనాల విలువలను కుదించకుండా నేరుగా అంకెల్లో పంపే రూపం) కాదు. టీవీ అమరికల్లో పీసీఎం ఎంచుకుంటే సమస్య తీరుతుంది. డీఎస్‌డీని (శబ్దాన్ని అతి వేగంగా వచ్చే ఒక్కో బిట్‌గా దాచే మరో రూపాన్ని) పీసీఎం చట్రంలో పెట్టి పంపేటప్పుడు కంప్యూటర్‌లో వాల్యూమ్ తగ్గించినా ఇదే తరహా రొద వస్తుంది, ఎందుకంటే డీఎస్‌డీ అని తెలిపే గుర్తులు ఆ లెక్కింపులో చెరిగిపోతాయి. వీటికి ‘లయ కుదిరింది, సంకేతం బోధపడలేదు’ అని రాయడం సబబు.

మొదటి సమాధానం ఇచ్చినవారు:

ఈ విభజనకు నా సమ్మతి. మార్గదర్శినిలో యూఎస్‌బీకి మాత్రం వేరే వాక్యం రాయాలి. అసింక్రనస్ పద్ధతిలో తాళం వేసేది డాక్, దాన్ని అనుసరించి సమాచారం పంపేది కంప్యూటర్. అందువల్ల అక్కడ ‘డాక్‌కు లయ కుదరలేదు’ అనడం తలకిందుల మాట అవుతుంది. ‘కంప్యూటర్ డాక్‌ను గుర్తించలేదు’ అనో, ‘సమాచారం వేళకు అందడం లేదు’ అనో అనాలి. మొదటిదానికి డ్రైవరునూ పోర్టునూ, రెండోదానికి బఫర్‌నూ (సమాచారాన్ని కాసేపు నిల్వ ఉంచే జాగానూ) చూడాలి.

ప్రశ్న అడిగినవారు:

కృతజ్ఞతలు. ఒక్కటి మిగిలింది. బయటి వర్డ్ క్లాక్ (పరికరాలన్నిటికీ ఒకే సమయ సంకేతం ఇచ్చే విడి పరికరం) వాడేవారికి సమాన వ్యవధుల్లో ‘టిక్’మనే చప్పుడు వినిపించడాన్ని ఏమనాలి?

రెండో సమాధానం ఇచ్చినవారు:

ఎవరి తాళం వారిదే అనండి, పరిస్థితి కూడా తరచుగా అదే. రెండు పరికరాలూ సొంత క్లాక్ మీదే నడుస్తుంటే వాటి మధ్య సూక్ష్మమైన తేడా పోగవుతూ వచ్చి, ఒక నమూనా జారిపోయినప్పుడో రెండుసార్లు చదవబడినప్పుడో ఆ చప్పుడు వస్తుంది. ఒకదాన్ని మాస్టర్‌గా (క్లాక్ ఇచ్చేదిగా) ఉంచి, రెండోదాన్ని బయటి క్లాక్‌కు అమర్చి చూడాలి. అప్పటికీ చప్పుడు ఆగకపోతే ఆ క్లాక్ 48 వరుసకు (48, 96, 192) అమర్చి ఉందేమో, పాట 44.1 వరుసలో (44.1, 88.2, 176.4) ఉందేమో పరిశీలించమని కూడా ఆ వాక్యం పక్కనే రాయండి.