డోటా 2 మొదలుపెడుతున్నాం, ఐదుగురం కొత్తవాళ్ళమే. ముందు ఏం నేర్చుకోవాలి?

బెళ్ళందూరు_బ్యాచ్

అందరికీ నమస్తే. బెంగళూరు బెళ్ళందూరులో ఒకే పీజీలో ఉంటాం, ఐదుగురం. ఇన్నాళ్ళూ షూటింగ్ గేములే ఆడాం. ఇప్పుడు కలిసి డోటా 2 (ఐదుగురు ఒక టీమ్‌గా ఇంకో ఐదుగురితో తలపడే కంప్యూటర్ గేమ్) ఆడదామని ప్లాన్. యూట్యూబ్‌లో చూస్తే స్క్రీన్ నిండా రంగులే, ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో అర్థం కావట్లేదు. అసలు గెలవడం అంటే ఏంటి, ఎక్కువ కిల్స్ ఉన్న టీమేనా? ఐదుగురిలో ఎవరు ఏం చెయ్యాలి? 120 మందికి పైగా హీరోలట (మనం నడిపే పాత్రలు), ఎవరితో మొదలెట్టాలి? అందరివీ 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లు, గ్రాఫిక్స్ కార్డ్ ఇద్దరికే ఉంది. పీజీ వైఫై ఒక్కటే దిక్కు. లేదంటే ముందు ఫోన్‌లో ఇలాంటిదే ఏదైనా ఆడి రావడం మంచిదా?

పొజిషన్_ఐదు

కిల్స్ సంగతి పక్కన పెట్టండి బ్రో. అవతలి టీమ్ బేస్‌లో ఏన్షియెంట్ అని ఒక కట్టడం ఉంటుంది. అది కూలితే గెలిచినట్టు, అంతే. స్కోర్‌బోర్డ్ మీద పది కిల్స్ ఎక్కువుండి కూడా ఓడిపోయే టీములు కోకొల్లలు.

దాని దాకా వెళ్ళడానికి మూడు దార్లు: టాప్, మిడ్, బాటమ్. వీటినే లేన్లు అంటాం. ఒక్కో లేన్‌లో ఒక్కో టీముకి మూడు టవర్లు, ఏన్షియెంట్ దగ్గర ఇంకో రెండు, మొత్తం 11. ముందున్న టవర్ పడేదాకా వెనకదానికి దెబ్బ తగలదు. మూడో టవర్ వెనక రెండు బ్యారక్స్ అనే కట్టడాలు ఉంటాయి. అవి కూల్చారంటే ఆ లేన్‌లో మీ క్రీప్స్ (తమంతట తామే నడిచెళ్ళి పోరాడే చిన్న సైనికులు) బలం పెరిగిపోతుంది, అవతలివాళ్ళు ఎప్పుడూ ఒకణ్ణి అక్కడ కాపలా పెట్టుకోవాల్సి వస్తుంది. అందుకే ఫైట్‌లో ఇద్దర్ని పడగొట్టగానే మూడోవాడి వెంట అడవిలోకి పరిగెత్తకండి. చచ్చినవాళ్ళు తిరిగొచ్చేలోపు దగ్గర్లో ఉన్న టవర్ కొట్టండి. కొత్తవాళ్ళ మ్యాచ్‌లు 60 నిమిషాలు సాగడానికి సగం కారణం ఈ ఒక్క అలవాటు లేకపోవడమే.

ఇక డబ్బు. ప్రతి 30 సెకన్లకీ ఒక్కో లేన్‌లోకి క్రీప్స్ గుంపు దిగుతుంది: దగ్గరికెళ్ళి కొట్టేవి మూడు, దూరం నుంచి కొట్టేది ఒకటి. అవతలి క్రీప్‌కి ఆఖరి దెబ్బ మీదైతేనే గోల్డ్, దాన్నే లాస్ట్ హిట్ అంటాం. పక్కన నిలబడితే ఎక్స్‌పీ (హీరో లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) వస్తుంది గానీ గోల్డ్ రాదు. ఒక్కోదానికి సుమారు 40 గోల్డ్ వేసుకోండి. మొదటి ఐదు నిమిషాల్లో మీ లేన్‌కి 40 క్రీప్స్ వస్తాయి. సగం కొట్టినా 800 గోల్డ్. ఆట మొదట్లో చేతికిచ్చేదే 600, దాంతో పోల్చి చూడండి. ఒక కిల్‌కి అప్పట్లో వచ్చేది మూడు నాలుగు క్రీప్స్ ఖరీదే. దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటే గోల్డ్‌లో కొంత పోతుంది, అవతలివాడికి గోల్డూ ఎక్స్‌పీ రెండూ మీరే ఇచ్చినట్టు, పైగా మీరు లేవకముందే ఒకట్రెండు గుంపులు వచ్చి వెళ్ళిపోతాయి. ప్యాచ్ (గేమ్ అప్‌డేట్) మారినప్పుడల్లా ఈ అంకెలు అటూఇటూ జరుగుతాయి, లెక్క మాత్రం ఇదే.

కొత్తవాళ్ళని బాగా తికమక పెట్టేది డినై. మీ సొంత క్రీప్ ప్రాణం సగం కన్నా తగ్గాక కీబోర్డ్‌లో ఎ (A) కీ నొక్కి దాని మీద క్లిక్ చేసి మీరే చంపెయ్యొచ్చు. అప్పుడు అవతలివాడికి గోల్డ్ ఉండదు, ఎక్స్‌పీ కూడా తగ్గుతుంది. ఈ ఆట 2003లో వార్‌క్రాఫ్ట్ 3 మీద మోడ్‌గా పుట్టింది. అందులో సొంత సైన్యాన్ని కొట్టుకునే వీలుండేది, ఆ విడ్డూరమే ఇక్కడ ఎత్తుగడ అయి కూర్చుంది.

మొదటిరోజు చెయ్యాల్సింది ఒకటే. సెట్టింగ్స్‌లో ఆటో అటాక్ ఆపెయ్యండి. లేకపోతే మీ హీరో తనంతట తాను క్రీప్స్‌ని కొట్టుకుంటూ పోతాడు, ఆఖరి దెబ్బ మీ చేతిలో ఉండదు. తర్వాత ప్రైవేట్ లాబీ (మీరే పెట్టుకునే సొంత మ్యాచ్) తెరిచి, ఒక్క వస్తువూ కొనకుండా పది నిమిషాలు లాస్ట్ హిట్స్ మాత్రమే కొట్టండి. 30 వచ్చేదాకా అదే పని. బోర్ కొడుతుంది, నిజమే.

ఓఎంఆర్_ఆఫ్‌లేనర్

చెన్నై నుంచి. పైన చెప్పిన డబ్బు లెక్క ఐదుగురికీ ఒకేలా వర్తించదు, అది గమనించండి. క్రీప్స్ అందరికీ సరిపడా ఉండవు కాబట్టే పొజిషన్లు, అంటే ఎవరి పాత్ర ఏంటో చెప్పే నంబర్లు, వచ్చాయి. 1 క్యారీ, 2 మిడ్, 3 ఆఫ్‌లేన్, 4, 5 సపోర్ట్‌లు. అంకె ఎంత చిన్నదైతే గోల్డ్‌లో అంత ముందు వాటా. మ్యాప్‌లో ఒక టీమ్ వైపు రేడియంట్, ఇంకోటి డైర్. రేడియంట్ వైపు ఆడుతుంటే 1, 5 కలిసి బాటమ్‌లో, 3, 4 కలిసి టాప్‌లో, 2 ఒక్కడే మిడ్‌లో. డైర్ వైపు పడితే టాప్, బాటమ్ తారుమారు. ఐదో పొజిషన్‌వాడు క్యారీ పక్కనే ఉండి అతని క్రీప్స్ ముట్టకుండా ఎదుటివాణ్ణి సతాయించాలి. స్నేహితులు విడిపోయేది ఇక్కడే కాబట్టి ఎవరిది ఏ నంబరో పీజీలోనే తేల్చుకుని రండి, హీరోల్ని ఎంచుకునే పిక్ స్క్రీన్ మీద కాదు.

హీరోల విషయంలో నా మాట: ఒక్కొక్కరు ఇద్దర్ని పట్టుకుని నెలరోజులు వాళ్ళనే ఆడండి. క్యారీకి రెయిత్ కింగ్ (చచ్చినా అక్కడే లేచే ఆల్టిమేట్, అంటే హీరో అన్నిటికన్నా పెద్ద శక్తి, ఉంది, నొక్కాల్సిన బటన్లు తక్కువ), మిడ్‌కి వైపర్ లేదా స్నైపర్, ఆఫ్‌లేన్‌కి బ్రిసిల్‌బ్యాక్, సపోర్ట్‌లకి ఓగ్రె మేజై, లిచ్. స్నైపర్ చాలా దూరం నుంచి కొడతాడు గానీ ఒళ్ళు పలచన, ఎవడైనా మీదికి దూకితే రెండు క్షణాలే. ఇన్‌వోకర్, మీపో జోలికి ఇప్పుడే పోవద్దు. ఇన్‌వోకర్‌కి పది స్పెల్స్, మూడు రకాల గోళాలు కలిపి తయారుచేసుకోవాలి. మీపో అంటే ఒకేసారి నలుగురైదుగుర్ని నడపడం, వాళ్ళలో ఒక్కడు చచ్చినా అందరూ చచ్చినట్టే. పడ్జ్ అనే హీరోని అందరూ తీసుకుంటారు, దూరంగా ఉన్నవాణ్ణి లాక్కొచ్చే హుక్ సరదాగా ఉంటుందని. హుక్ తగలని పడ్జ్ టీముకి బరువు.

వార్డుల గురించి ఎవరూ చెప్పలేదు. మ్యాప్‌లో మీవాళ్ళు లేని చోటంతా పొగమంచే, అక్కడ ఎవరున్నారో కనపడదు. వార్డ్ పాతితే ఆ చుట్టుపక్కల కనపడుతుంది. అబ్జర్వర్ వార్డ్ ఉచితం, ఆరు నిమిషాలు ఉంటుంది, అవతలివాళ్ళకి కనిపించదు. షాపులో స్టాకు మాత్రం కొంచెం కొంచెంగానే వస్తుంది. అవతలివాళ్ళ వార్డ్ కనిపెట్టి పీకెయ్యడానికి సెంట్రీ వార్డ్. అందరూ పెట్టే చోటే పెడితే మీది కూడా నిమిషంలో పీకేస్తారు. వార్డ్ లేని చీకట్లోకి ఒంటరిగా వెళ్ళకండి, ఇదేం కబడ్డీ కాదు ఒక్కడే కూతకెళ్ళడానికి. మినీమ్యాప్‌లో అవతలి ఐదుగురిలో ముగ్గురు కనపడకపోతే వాళ్ళు మీకోసమే వస్తున్నారనుకుని టవర్ వెనక్కి జరగండి.

జేబులో టౌన్ పోర్టల్ స్క్రోల్ ఎప్పుడూ ఉండాలి, 100 గోల్డ్. పక్క లేన్‌లో అవతలివాళ్ళు మీ టవర్ మీద పడితే మూడు సెకన్లు నిలబడి అక్కడికి చేరిపోవచ్చు. స్క్రోల్ లేక నడుచుకుంటూ వెళ్తే, వెళ్ళేసరికి టవరూ ఉండదు, మనుషులూ ఉండరు.

స్విచ్_పెట్టెయ్

లాప్‌టాప్, నెట్ గురించి. స్టీమ్ (ఈ గేమ్ దించుకునే యాప్) పేజీలో కనీసం 4 జీబీ ర్యామ్, 60 జీబీ డిస్క్ అని ఉంటుంది. 8 జీబీతో నడుస్తుంది, బ్రౌజర్ మూసెయ్యండి. గ్రాఫిక్స్ కార్డ్ లేని ముగ్గురు వీడియో సెట్టింగ్స్‌లో రెండర్ క్వాలిటీని 60, 70 శాతానికి దించి, నీడలు ఆపి, ఎఫ్‌పీఎస్‌ని (సెకనుకి చూపించే ఫ్రేములు) 60 దగ్గర కట్టెయ్యండి. ఛార్జర్ పెట్టే ఆడండి, బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లు వేగం తగ్గించేసుకుంటాయి. ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉంటే, రెండో స్లాట్ ఖాళీగా ఉంటే, మీ ఊళ్ళో ఎస్పీ రోడ్‌లో అదే స్పీడ్‌ది ఇంకోటి కొని పెట్టించండి. కార్డ్ లేని లాప్‌టాప్ బొమ్మ గియ్యడానికి కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు స్టిక్‌లైతే తేడా కంటికి కనిపిస్తుంది.

60 జీబీ ఐదుసార్లు దించకండి. ఒకరు దించితే చాలు, స్టీమ్‌లో లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఆన్ చేస్తే మిగతావాళ్ళకి అతని లాప్‌టాప్ నుంచే కాపీ అవుతుంది. అయితే చాలా పీజీ వైఫైల్లో ఒకరి మెషీన్ ఇంకొకరికి కనపడకుండా ఐసొలేషన్ పెట్టి ఉంచుతారు, అప్పుడు ఇది పనిచెయ్యదు. లాప్‌టాప్‌లని వైరుతో కలిపే ఐదు పోర్టుల చిన్న నెట్‌వర్క్ స్విచ్ ఒకటి, క్యాట్ 6 కేబుళ్ళు తెచ్చుకుంటే ఆ తలనొప్పి తీరుతుంది. ఓనర్ ఒప్పుకుని రౌటర్ నుంచి ఒక్క వైరు ఇస్తే ఆట కూడా వైరు మీదే. అప్పుడు ఐదో లాప్‌టాప్‌కి పోర్టు మిగలదు, కాబట్టి ఎనిమిది పోర్టులదే కొనండి.

ఆటలో నెట్‌వర్క్ సమాచారం చూపించే ఆప్షన్ ఆన్ చెయ్యండి. పింగ్ (సర్వర్‌కి వెళ్ళి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 60 నిలకడగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. 30 నుంచి 200కి గెంతుతుంటేనో, లాస్ (దారిలో డేటా పోవడం) కనిపిస్తుంటేనో సర్వర్‌ని తిట్టి లాభం లేదు, తప్పు వైఫైది. 2.4 వదిలి 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, ఫోన్లలో ఫొటో బ్యాకప్ ఆపండి. అప్‌లోడ్ నిండిపోతే పింగ్ ఎగిరేది అందుకే. కరెంటు పోతే రౌటర్ ఆగకుండా 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకోండి. మ్యాచ్‌లోంచి ఐదు నిమిషాలు బయటుంటే వదిలేసి వెళ్ళినట్టు లెక్క కడతారు, అది పదేపదే జరిగితే లో ప్రయారిటీ అనే శిక్ష క్యూలో పడేస్తారు. అక్కణ్ణుంచి బయటపడాలంటే అక్కడే మ్యాచ్‌లు గెలవాలి.

సర్వర్ ఇండియా పెట్టుకోండి. రాత్రి పొద్దుపోయాక మ్యాచ్ దొరక్కపోతే సౌత్ ఈస్ట్ ఏషియా కూడా కలపండి, అది సింగపూర్.

ఓఎంఆర్_ఆఫ్‌లేనర్

సింగపూర్‌కి సముద్రం కింద కేబుల్ మా చెన్నైలోనే ఒడ్డెక్కుతుంది, 2002 నుంచీ. పింగ్ విషయంలో మాకు మీకన్నా కాస్త లాభమే :)

పది_నిమిషాల_మ్యాచ్

ఫోన్ గురించి అడిగారు కదా. మొబైల్ లెజెండ్స్‌ని 2020 జూన్‌లో ఇక్కడ నిషేధించారు, ఏపీకే (యాప్ ఫైల్) బయటినుంచి పట్టుకొచ్చి ఎక్కించమనే సలహాలు వినకండి. పోకెమాన్ యునైట్ ఉంది. మ్యాచ్ సరిగ్గా పది నిమిషాలు, టవర్లకి బదులు గోల్స్‌లో పాయింట్లు వెయ్యాలి, ఆఖరి రెండు నిమిషాల్లో పాయింట్లు రెట్టింపు. లేన్ అంటే ఏంటి, అడవిలో ఎవరు తిరగాలి, పెద్ద జంతువు కోసం ఎప్పుడు కూడాలి, ఇవి అలవాటవుతాయి.

పొజిషన్_ఐదు

ఒప్పుకోను. అందులో షాపు లేదు, వార్డుల్లేవు, డినై లేదు. ఐదుగురు, ఐదు లాప్‌టాప్‌లు ఉన్నవాళ్ళకి అది పక్కదారి. డోటాలోనే కో-ఆప్ బాట్ మ్యాచ్‌లు ఉన్నాయి, ఐదుగురూ ఒక పక్క, బాట్స్ (కంప్యూటర్ ఆడే హీరోలు) ఇంకో పక్క. ఈజీ నుంచి మీడియం దాకా వెళ్ళండి. ఆ తర్వాత టర్బో మోడ్: గోల్డూ ఎక్స్‌పీ తొందరగా వస్తాయి, మామూలు మ్యాచ్‌లో సగం టైమే పడుతుంది. కానీ టర్బోలోనే ఉండిపోతే లాస్ట్ హిట్స్ విలువ తెలియదు. ర్యాంక్‌డ్ (ర్యాంకుల కోసం ఆడే మ్యాచ్‌లు) కోసం తొందరపడక్కర్లేదు, 100 గంటలు ఆడేదాకా అది తెరుచుకోదు.

బెళ్ళందూరు_బ్యాచ్

థాంక్స్ అన్నా అందరికీ. స్విచ్ తెచ్చేశాం. ఒక్క డౌట్: టవర్ కింద ఉన్న హీరోని కొట్టబోతే మూడు దెబ్బలు కూడా వెయ్యకముందే చచ్చిపోతున్నాం. అంతకుముందు దాకా టవర్ మమ్మల్ని పట్టించుకోదు. ఎందుకలా?

ఓఎంఆర్_ఆఫ్‌లేనర్

టవర్ మామూలుగా దగ్గరున్న క్రీప్స్‌ని కొడుతుంది. దాని పరిధిలో మీరు అవతలి హీరో మీద రైట్ క్లిక్ చేసిన క్షణమే మీ వైపు తిరుగుతుంది. మొదటి టవర్ దెబ్బ వందకి దగ్గరగా ఉంటుంది, మొదట్లో మీ ప్రాణం ఐదారు వందలు. దానికి తోడు ఆ హీరో, అతని క్రీప్స్ కూడా మిమ్మల్నే కొడతాయి.

మీ క్రీప్స్ పక్కన ఉంటే, వెంటనే ఎ నొక్కి మీ సొంత క్రీప్ మీద క్లిక్ చెయ్యండి. టవర్ మిమ్మల్ని వదిలి దాన్ని పట్టుకుంటుంది. క్రీప్స్ లేకపోతే ఈ కిటుకు పనిచెయ్యదు, పరిధి దాటి బయటికి రావడమే. స్పెల్స్ వేస్తే మాత్రం టవర్ తిరగదు, కాబట్టి లిచ్ ఆడేవాడు ఫ్రాస్ట్ బ్లాస్ట్ వేసి వెనక్కి వచ్చెయ్యొచ్చు. వైపర్ ఆడేవాడు పాయిజన్ అటాక్‌ని ఆటోలో పెట్టకుండా ప్రతిసారీ కీ నొక్కి వేస్తే అది స్పెల్ కిందే లెక్క, టవర్ గానీ క్రీప్స్ గానీ మీదికి రావు. లేన్‌లో ఎదుటివాణ్ణి సతాయించడానికి వైపర్ అంత తేలిక అవడానికి కారణం ఇదే.