కారు అద్దం పగలగొట్టి పెళ్లి జాకెట్లు ఎత్తుకుపోయారు: ఫిర్యాదులో విలువ ఎంతని రాయాలి?

ప్రశ్న (మగ్గం పని, గుడివాడ):

నిన్న సాయంత్రం ఒక పెళ్లికూతురికి ఆరు జాకెట్లు అప్పగించడానికి విజయవాడ వెళ్లాను. దారిలో లైనింగు గుడ్డ కొందామని బట్టల మార్కెట్ పక్క వీధిలో కారు ఆపాను. ఇరవై నిమిషాల్లో తిరిగి వచ్చేసరికి ఎడమవైపు వెనక అద్దం పగిలి ఉంది, సీటు మీది బ్యాగు లేదు. సీటంతా గాజు పెంకులే.

ముహూర్తం జాకెట్టుకు చేతుల మీద నెమళ్లు, వీపున పల్లకీ. నేనూ, ఇద్దరు పనివాళ్లూ ఇరవై మూడు రోజులు కూర్చుని కుట్టాం. అది ఆ అమ్మాయి తల్లి పెళ్లి చీర చెంగుతో కుట్టిన జాకెట్టు. చీర చెంగు మళ్లీ ఎక్కడి నుంచి తేను? కొలత జాకెట్టు కూడా ఆ బ్యాగులోనే పోయింది. పెళ్లి ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

స్టేషన్‌లో "బట్టలే కదమ్మా, బ్యాగు పోయిందని రాసివ్వండి" అన్నారు. రాయబోతూ ఆగిపోయాను. ఆ మాట నన్ను దొంగతనం కంటే ఎక్కువ బాధపెట్టింది. నా దగ్గర బిల్లులు లేవు. ఏమని రాయాలి? కారు బీమాలో ఏమైనా వస్తుందా?

జవాబు (కోర్టు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను):

అమ్మా, ఆగి మంచి పని చేశారు. "పోయింది" అని రాయకండి. "అద్దం పగలగొట్టి దొంగిలించారు" అని రాయండి, ఈ రెంటికీ చాలా తేడా ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి 303వ సెక్షన్. సొత్తు విలువ 5,000 రూపాయల లోపైతే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అందుకే విలువ తగ్గించి రాస్తే మీ కేసు మొదట్లోనే ఆగిపోతుంది. బిల్లు లేకపోయినా ఒక్కో జాకెట్టుకు పట్టిన గుడ్డ, పూసలు, కుందన్లు, పనివాళ్ల కూలీ విడివిడిగా రాయండి. ఆర్డర్ రాసుకున్న పుస్తకం, అడ్వాన్సు తీసుకున్న ఫోను సందేశాలు, జాకెట్ల ఫొటోలు జతచేయండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. నమోదు చేయకపోతే ఎస్పీ స్థాయి అధికారికి పోస్టులో రాతపూర్వకంగా పంపవచ్చు, ఆ వీలు చట్టంలోనే ఉంది.

జవాబు (బీమా ఏజెంటు):

సమగ్ర పాలసీ ఉంటేనే అద్దానికి డబ్బు వస్తుంది, థర్డ్ పార్టీ మాత్రమే అయితే రాదు. అద్దం ఖర్చు చిన్నదైతే క్లెయిం చేసే ముందు నో క్లెయిం బోనస్ (క్లెయిం చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంత పోతుందో లెక్క చూసుకోండి. జాకెట్ల సంగతి చెప్పడానికి నాకే బాధగా ఉంది. కారులోని వస్తువులకు విడిగా రక్షణ కొనుక్కున్నా, వ్యాపారం కోసం తీసుకెళ్లే సరుకుకు అది సాధారణంగా వర్తించదు.

జవాబు (టైలరింగ్, హనుమాన్ జంక్షన్):

అక్కా, ముందు ఆ వీధి దుకాణాల వాళ్లను కెమెరా రికార్డు ఈ రోజే అడగండి. కొన్నాళ్లకు పాతవి చెరిగిపోతాయి. చుట్టుపక్కల చెత్తకుండీలు, కాలువ గట్లు కూడా చూడండి. లాప్‌టాప్ ఉందనుకుని తీసుకెళ్లి, బట్టలని తెలిశాక పారేసి ఉండవచ్చు. నా దగ్గర ముగ్గురు మగ్గం పనివాళ్లు ఉన్నారు. రేపటి నుంచి నాలుగు జాకెట్లు మేము పట్టుకుంటాం. డిజైన్ల ఫొటోలు పంపండి.

ప్రశ్న అడిగినవారు:

ముహూర్తం జాకెట్టు 12,000, మిగతా ఐదూ ఒక్కోటి 4,500, మొత్తం 34,500 అని లెక్క రాసి ఈ ఉదయం ఇచ్చాను. ఈసారి నమోదు చేశారు. పెళ్లికూతురి తల్లికి ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "చీరలో ఇంకా కుచ్చిళ్ల వైపు గుడ్డ ఉంది, అమ్మాయిని కూడా తీసుకొస్తాను, కొలతలు తీసుకో" అన్నారు. మధ్యాహ్నం వస్తున్నారు. చెల్లీ, ఫొటోలు పంపుతున్నాను. పల్లకీ మాత్రం నేనే కుడతాను.