పర్యావరణానికీ మనసుకూ మేలు చేసే సామాజిక భవనం: నమూనా ఖరారు కాకముందు ఏం చూడాలి?

ప్రశ్న

మేము కొందరం కలిసి ఒక సామాజిక భవనం కట్టుకోవాలని నిర్ణయించుకున్నాం. సమావేశాలకు ఒక పెద్ద హాలు, నిశ్శబ్దంగా చదువుకోవడానికి ఒక గది, మానసికంగా ఇబ్బంది పడుతున్నవారు కౌన్సెలర్‌తో మాట్లాడుకోవడానికి రెండు చిన్న గదులు అందులో ఉండాలన్నది మా ఆలోచన. పర్యావరణానికి భారం కాకూడదు, లోపలికి వచ్చినవారి మనసుకు ఊరట కలగాలి అన్న రెండు షరతులనూ మొదటి సమావేశంలోనే రాసుకున్నాం.

ఇప్పుడు చేతికి వచ్చిన తొలి నమూనాలో ముందువైపు గోడంతా అద్దమే. కిటికీలు తెరుచుకోవు, లోపలంతా ఏసీయే. పైకప్పు మీద సౌర ఫలకాలు పెడుతున్నారు కాబట్టి ఇది గ్రీన్ బిల్డింగేనని అంటున్నారు. మనసు సంగతి అడిగితే లోపల మొక్కలు పెడతామనీ, గోడలకు లేత రంగులు వేస్తామనీ చెబుతున్నారు. కిటికీలోంచి చెట్లు కనబడిన రోగులు త్వరగా కోలుకున్నారన్న ఒక అధ్యయనాన్ని కూడా ఆధారంగా చూపించారు. ఇది సరిపోదని నాకు గట్టిగా అనిపిస్తోంది గానీ, ఎందుకు సరిపోదో కమిటీకి వివరించలేకపోతున్నాను. ఈ రెండు లక్ష్యాలు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ ఒకదానికొకటి అడ్డుపడతాయి? అడ్డుపడినచోట దేనికి ముందు చోటివ్వాలి? అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం 1 (ఆర్కిటెక్టుగా పనిచేస్తున్న సభ్యురాలు)

మీ సందేహం సరైనదే. ఆ నమూనాలో నన్ను అన్నింటికంటే కలవరపెట్టినది అద్దం కాదు, తెరుచుకోని కిటికీ. భవనంలో కూర్చున్న మనిషి తనకు ఉక్కపోసినప్పుడు లేచి కిటికీ తీసుకోగలగాలి, వెలుతురు ఎక్కువైతే తెర దించుకోగలగాలి, ఫ్యాను వేగం తగ్గించుకోగలగాలి. మీరు రాసుకున్న రెండు షరతులూ ఒకేచోట నెరవేరేది ఇక్కడే.

దీనికి ఆధారాలున్నాయి. 1972లో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ ప్రయోగాల ఫలితాలను ప్రచురించారు. పాల్గొన్నవారందరికీ ఒకే రకమైన భరించరాని శబ్దం వినిపించి, కొందరికి మాత్రం ఆ శబ్దాన్ని ఆపే మీట ఒకటి అందుబాటులో ఉంచారు. వారిలో చాలామంది దాన్ని నొక్కనే లేదు. అయినా, కావాలంటే ఆపుకోగలమన్న నమ్మకం ఉన్నందువల్లనే, తర్వాత ఇచ్చిన పనుల్లో వారు మిగతావారికంటే ఓపికగా నిలబడ్డారు. ఇక 1998లో రిచర్డ్ డి డియర్, గెయిల్ బ్రేగర్ అనేక దేశాల భవనాల నుంచి సేకరించిన సమాచారాన్ని పరిశీలించి, కిటికీలు తీసుకునే వీలున్న భవనాల్లోని మనుషులు, పూర్తిగా ఏసీ మీద ఆధారపడిన భవనాల్లోని వారికంటే ఎక్కువ ఉష్ణోగ్రతల తేడాను ఇబ్బంది పడకుండా భరిస్తున్నారని చూపించారు. అంటే చేతికందే కిటికీ మనసుకు ధీమా ఇస్తూనే విద్యుత్తును కూడా ఆదా చేస్తుంది. సౌర ఫలకాలు మంచివే, కానీ ముందు అవసరాన్ని తగ్గించుకుని, మిగిలిన అవసరానికి వాటిని పెట్టుకోవడం సరైన వరస.

అయితే కిటికీ తెరుచుకుంటే చాలదు. గాలి ఒకవైపు నుంచి వచ్చి ఎదురువైపు నుంచి బయటికి పోవాలి, వేడెక్కిన గాలి పైకి పోవడానికి కప్పు దగ్గర వెంటిలేటర్లుండాలి. కిటికీ గడియ ఎంత ఎత్తులో ఉందో, చక్రాల కుర్చీలో కూర్చున్నవారికి అందుతుందో లేదో నమూనాలోనే చూడండి. కిటికీ ఉండీ గడియ అందని మనిషికి ఆ కిటికీ లేనట్టే. గదికి రెండు వైపుల నుంచి వెలుతురు వస్తే ఎదుటివారి ముఖం మీద గాఢమైన నీడలు పడవు, వారి ముఖకవళికలు తేలికగా అర్థమవుతాయి. ఒకే వైపు పెద్ద అద్దం పెడితే దాని ముందు కూర్చున్న మనిషి నల్లటి ఆకారంలా కనిపిస్తాడు. ఎండ తీవ్రంగా ఉండే చోట ఆ అద్దం లోపలికి తెచ్చే వేడిని తోడిపోయడానికే సగం ఏసీ పనిచేయాల్సి వస్తుంది.

కట్టడానికి వాడే సామగ్రి గురించి కూడా అడగండి. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో దాదాపు 7, 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తున్నాయి. బుర్కినా ఫాసోలోని గాండో గ్రామంలో ఆర్కిటెక్టు ఫ్రాన్సిస్ కేరే 2001లో పూర్తిచేసిన పాఠశాలకు కొద్దిగా సిమెంటు కలిపి అచ్చుపోసిన మట్టి దిమ్మెలు వాడి, రేకు పైకప్పును గదుల కప్పుకు బాగా పైన ఎత్తి నిలబెట్టారు. ఆ మధ్య ఖాళీలోంచి వేడిగాలి పోతుంది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది, ఆ ఊరివాళ్లే దాన్ని కట్టడంలో పాలుపంచుకోవడం. ఇక మీకు అందుబాటులో పాత భవనం ఏదైనా ఉంటే, కొత్తది కట్టే ఆలోచనను ఒకసారి ఆపి దాన్ని చూడండి. ఆర్కిటెక్టులు లకాటన్, వస్సాల్ తమ సహచరులతో కలిసి ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో 530 ఫ్లాట్ల పాత సముదాయాన్ని కూల్చకుండా, ముందువైపు వెలుతురు నిండిన వరండాల వంటి గదులు జోడించి 2017 నాటికి పూర్తిచేశారు. పని జరుగుతున్నంతకాలం అక్కడివారు తమ ఇళ్లలోనే ఉన్నారు.

సమాధానం 2 (కౌన్సెలర్‌గా పనిచేస్తున్న సభ్యుడు)

పై సమాధానంతో నేను ఏకీభవిస్తాను. కానీ నా దృష్టిలో మొదటి ప్రశ్న కిటికీ కాదు, గుమ్మం. మనసు బాగాలేని మనిషి సహాయం అడగడానికి లోపలికి రావడమే కష్టమైన పని. హాలులో కూర్చున్న అందరి కళ్ల ముందునుంచి నడిచి, కౌన్సెలింగ్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న తలుపు తీసుకుని వెళ్లాలంటే చాలామంది గేటు దగ్గరి నుంచే వెనక్కి వెళ్లిపోతారు. కాబట్టి చదువుకునే గదికీ కౌన్సెలింగ్ గదులకూ ఒకే నడవా ఉంచండి. ఎవరు ఎందుకు వచ్చారో చూసేవారికి తెలియకూడదు. లోపలికి వెళ్లిన దారినే కాకుండా, ఏడ్చిన కళ్లతో మరో దారిన నేరుగా బయటికి వెళ్లిపోగల వీలు కూడా ఉండాలి.

బయట గుమ్మం పక్కనే నీడలో కూర్చునే అరుగు ఒకటి తప్పకుండా కట్టించండి. లోపలికి రావాలా వద్దా అని తేల్చుకోలేని మనిషికి ఆ కాసేపు కూర్చునే చోటు ఎంత అవసరమో నేను దగ్గరగా చూస్తుంటాను. జింబాబ్వేలో మనోవైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో ఫ్రెండ్‌షిప్ బెంచ్ అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. అందులో శిక్షణ పొందిన పెద్దవయసు స్త్రీలు ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెక్కబెంచీల మీద కూర్చుని, కుంగుబాటుతో వచ్చినవారి మాటలు వింటారు. ఆ పద్ధతి వల్ల లక్షణాలు తగ్గాయని 2016లో ప్రచురితమైన పరీక్షలో తేలింది. అక్కడ మేలు చేసినది శిక్షణ, వినే మనిషి. బెంచీ ఆ పని జరగడానికి చోటిచ్చింది. మీ భవనం నుంచి కూడా అంతే ఆశించండి, అది చిన్న విషయం కాదు.

కుర్చీల అమరిక గురించి ఒక మాట. 1950లలో కెనడాలోని ఒక మానసిక ఆసుపత్రిలో హంఫ్రీ ఆస్మండ్, రాబర్ట్ సోమర్ గమనించిన సంగతి ఇది: వృద్ధుల వార్డులో కుర్చీలన్నీ గోడ వెంట వరసగా ఉన్నందువల్ల పక్కపక్కన కూర్చున్నవారు కూడా మాట్లాడుకునేవారు కాదు. చిన్న బల్లల చుట్టూ కుర్చీలు వేశాక మాటలు బాగా పెరిగాయి. ఇలాంటి అమరికకు ఖర్చేమీ ఉండదు, కానీ ఎక్కడ చూసినా వేచి ఉండే గదుల్లో కుర్చీలు ఇప్పటికీ గోడకే ఆనుకుని ఉంటాయి. క్యాన్సర్ రోగుల కోసం 1996లో ఎడిన్‌బరోలో మొదలైన మ్యాగీస్ కేంద్రాలు ఇంకో అడుగు ముందుకు వేసి రిసెప్షన్ బల్లనే తీసేశాయి. అక్కడ లోపలికి రాగానే కనిపించేది వంటగది, దాని మధ్యలో అందరూ కూర్చోగల పెద్ద బల్ల.

మీకు ఆధారంగా చూపించిన అధ్యయనం రోజర్ ఉల్రిచ్‌ది అయి ఉంటుంది. 1984లో వచ్చిన ఆ పరిశీలనలో పిత్తాశయ శస్త్రచికిత్స జరిగినవారిని 23 జతలుగా పోల్చారు. చెట్లు కనబడినవారు, ఇటుక గోడ మాత్రమే కనబడినవారికంటే కొంత ముందుగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. మంచి పరిశీలనే, కానీ చిన్నది, ఒకే ఆసుపత్రిలో జరిగింది. కిటికీ బయట చెట్లను కాపాడుకోవడానికి అది చక్కని కారణం. లోపల కుండీలు పెడితే కుంగుబాటు తగ్గుతుందని దాన్నిబట్టి చెప్పలేం.

సమాధానం 3 (భవన నిర్వహణ చూస్తున్న సభ్యుడు)

ఇంతవరకూ ఎవరూ ప్రస్తావించని శబ్దం గురించి చెబుతాను. గ్రీన్ భవనాల్లో ఫాల్స్ సీలింగు, తివాచీ లేకుండా కాంక్రీటును అలాగే వదిలేయడం మామూలైంది. సామగ్రి తగ్గుతుంది, బరువైన కప్పు పగటి వేడిని పీల్చుకుంటుంది, కాబట్టి పర్యావరణ దృష్టితో చూస్తే అది సరైనదే. కానీ అదే హాలులో నలభై మంది మాట్లాడటం మొదలుపెడితే మాటలు గోడలకు కొట్టుకుని కలగాపులగమైపోతాయి. వినికిడి తగ్గిన పెద్దలు, శబ్దానికి తట్టుకోలేని పిల్లలు ముందుగా లేచి వెళ్లిపోతారు, తర్వాత రావడం మానేస్తారు. ఖాళీ తరగతి గదుల్లో ప్రతిధ్వని సుమారు 0.6 సెకన్లలో అణగాలని ప్రమాణాలు చెబుతాయి. పెద్ద హాలుకు అదే అంకె వర్తించకపోయినా, మీ హాలుకు ఎంత అనుకున్నారో రాతపూర్వకంగా అడగండి. కప్పునంతా మూసేయకుండా, శబ్దాన్ని పీల్చే పలకలను కొంత ఎడంగా వేలాడదీస్తే కప్పు చల్లదనమూ దక్కుతుంది, మాటా వినబడుతుంది.

రెండోది, ఎవరు తెరుస్తారు, ఎవరు మూస్తారు అన్న సంగతి. పైన ఉన్న వెంటిలేటర్లు సాయంత్రం తీసి పొద్దున మూస్తేనే భవనం చల్లబడుతుంది. ఆ పని ఎవరిదో రాసిపెట్టకపోతే కొన్నాళ్లకు అవన్నీ తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. నిచ్చెన లేకుండా కిందనుంచే తిప్పగల కడ్డీ పెట్టించండి. మొక్కల సంగతీ అంతే. 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ ఒక వృద్ధాశ్రమంలో చేసిన పరిశీలనలో రెండు బృందాలకూ మొక్కలిచ్చారు. తమ మొక్కను తామే చూసుకుంటూ, తమ రోజువారీ విషయాల్లో తామే నిర్ణయాలు తీసుకోమని చెప్పిన బృందం ఎక్కువ చురుగ్గా మారింది. కాబట్టి మొక్కల పనిని కాంట్రాక్టుకు ఇవ్వకండి, భవనానికి వచ్చేవారికే అప్పగించండి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇప్పుడు ఒక చిక్కు కనబడుతోంది. కౌన్సెలింగ్ గదికి కిటికీ తెరుచుకోవాలి, కానీ లోపలి మాట బయటికి వినబడకూడదు. ఈ రెండూ ఎలా కుదురుతాయి? కుదరకపోతే ఏది వదులుకోవాలి?

సమాధానం 4 (ఆర్కిటెక్టుగా పనిచేస్తున్న సభ్యురాలు)

చాలావరకు కుదురుతాయి. ఆ రెండు గదులనూ ఎవరూ నడవని లోపలి పెరడువైపు తిప్పండి, కిటికీ కింద మనుషులు నిలబడే వీలు లేకుండా పొదలు పెంచండి. కిటికీ మూసి ఉన్నప్పుడు కూడా గాలి వచ్చేందుకు, లోపల శబ్దాన్ని పీల్చే పొర అతికించిన వంకర దారి గల గాలి పెట్టెలు గోడలో అమర్చవచ్చు. గాలి వంపు తిరిగి వస్తుంది, మాట ఆ వంపుల్లో చాలావరకు అణగిపోతుంది. మాట బయటికి పోయేది కిటికీలోంచి మాత్రమే కాదని కూడా గుర్తుంచుకోండి. గదుల మధ్య గోడను ఫాల్స్ సీలింగు దాకా కట్టి ఆపేస్తారు, పైనున్న ఖాళీలోంచి పక్కగదికి ప్రతి మాటా వినబడుతుంది. గోడ అసలు స్లాబు దాకా వెళ్లాలి, తలుపు కింది సందును రబ్బరు పట్టీతో మూయాలి.

అప్పటికీ ఏదో ఒకటి వదులుకోవలసి వస్తే, ఆ గదుల్లో విద్యుత్తు ఆదాను వదులుకోండి. శబ్దం బయటికి పోని యాంత్రిక వెంటిలేషన్ పెట్టుకోండి. గాలి మారకుండా గదిని బిగించి మాత్రం వదలకండి. బయటి గాలిలో సుమారు 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో 420 పాళ్లు) ఉండే కార్బన్ డయాక్సైడ్ మూసిన చిన్నగదిలో మనుషులు కూర్చుంటే తొందరగానే 1000 దాటుతుంది, తల బరువెక్కుతుంది. రెండు చిన్న గదులకు అదనంగా ఖర్చయ్యే విద్యుత్తు, ఆ అద్దాల గోడ ఎత్తేస్తే మిగిలేదానితో పోలిస్తే చాలా తక్కువ. తన రహస్యం బయటపడుతుందని భయపడి ఎవరూ రాని గది ఎంత తక్కువ విద్యుత్తు వాడినా, దాని కోసం కాల్చిన ఇటుకా పోసిన సిమెంటూ వృథాయే.

నమూనా మీద సంతకం పెట్టేముందు ఖాళీ స్థలంలో ముగ్గు గీతలతో గదులను అసలు కొలతల్లో గీయించి, పెద్దవారినీ పిల్లలనూ చక్రాల కుర్చీ వాడేవారినీ వాటిలో నడిపించండి. గుమ్మం నుంచి కౌన్సెలింగ్ గది దాకా ఎంతమంది కళ్లబడవలసి వస్తుందో అక్కడే తెలిసిపోతుంది. బడ్జెట్‌లో కొంత భాగాన్ని ఇప్పుడే ఖర్చు చేయకుండా పక్కన పెట్టి, భవనం వాడకంలోకి వచ్చి అన్ని రుతువులూ గడిచాక, వాడినవారు చెప్పిన మార్పులకు దాన్ని ఖర్చు పెట్టండి. ఈ షరతును ఒప్పందంలోనే రాయించుకోవాలి, ఎందుకంటే తాళాలు అప్పగించాక మళ్లీ వచ్చి చూడటం సాధారణంగా ఏ రూపకర్త బాధ్యతలోనూ ఉండదు.