శాన్ ఆండ్రియాస్, ఎమరాల్డ్ కంఠతా వచ్చేశాయి. రాండమైజర్ వేస్తే నిజంగా కొత్తగా ఉంటుందా?

పర్లాకిమిడి_బుజ్జి:

అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి. బ్యాంకు పరీక్షలకి చదువుకుంటూ, బుర్ర వేడెక్కినప్పుడు గేములాడుకునే బాపతు. ల్యాప్‌టాప్ మా అన్నయ్య వాడి వదిలేసినది. 4 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. కొత్త గేముల జోలికి వెళ్ళే యోగం దీనికి లేదు. అందుకని ఉన్నవే తిప్పి తిప్పి ఆడుతున్నాను. జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఒకటి, పోకెమాన్ ఎమరాల్డ్ ఒకటి.

బాధేంటంటే రెండూ నోటికొచ్చేశాయి. రైలు వెంట బైకు తోలే మిషన్‌లో బిగ్ స్మోక్ నోరు తెరిచేలోపే వాడి డైలాగ్ నేను చెప్పేస్తున్నాను. ఎమరాల్డ్‌లో నీటి జాతి మడ్‌కిప్‌ని తీసుకోవడం, రస్ట్‌బోరో జిమ్‌లో అక్కడి పెద్ద రాక్సేన్ రాతి పోకెమాన్‌లని నీళ్ళతో కొట్టడం, బ్యాడ్జి పుచ్చుకుని బయటికి రావడం, అంతా చెయ్యి దానంతటదే చేసుకుపోతోంది. మా బావ పాతపట్నంలో ఉంటాడు, వాడిదీ ఇదే గోల.

ఈమధ్య రాండమైజర్ మోడ్‌ల గురించి, అంటే గేముని మార్చేసే చిన్న ప్రోగ్రాముల గురించి, వింటున్నాను. ఎక్కడి వస్తువునో తీసి ఇంకెక్కడో పెడతాయట. అది కొత్తదనమా, ఒట్టి గందరగోళమా? తాళం చెవి వెళ్ళి ఆ తాళం వేసిన గదిలోనే పడితే మన గతేంటి? నా డొక్కు ల్యాప్‌టాప్ మోస్తుందా? బావా నేనూ కలిసి ఆడే దారేమైనా ఉందా? ఆడినవాళ్ళు చెప్పండి.

గుణుపురం_జెరాక్స్:

బుజ్జిబాబూ, మాది గుణుపురం. నీ రైలు ఆఖరి స్టేషన్ మాదే. జెరాక్స్ షాపు నడుపుతాను. రాత్రి షట్టరు సగం దించాక షాపులోని పాత డెస్క్‌టాప్ గేములకే అంకితం, కాబట్టి ల్యాప్‌టాప్ గురించి బెంగ పెట్టుకోకు. మూల గేము నడిచే మిషన్ మీద రాండమైజర్ కూడా నడుస్తుంది.

జనం రాండమైజర్లన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. నా లెక్కలో అవి రెండు జాతులు. ఒకటి నవ్వుకోడానికి, ఒకటి ఆలోచించడానికి. ఏది ఎప్పుడు ఆడాలో తెలియక నిరాశపడేవాళ్ళే ఎక్కువ.

నవ్వుకునేదానికి నీ శాన్ ఆండ్రియాసే ఉంది. దానికి రెయిన్‌బోమైజర్ అని ఒక మోడ్. రోడ్డు మీద తిరిగే బళ్ళు, వాటి రంగులు, తుపాకులు, పాత్రల మాటలు, వాతావరణం, చివరికి మిషన్లు కూడా తారుమారు చేసేస్తుంది. గ్రోవ్ స్ట్రీట్ మలుపు తిరిగామో లేదో ఎదురుగా కోత మిషన్, దాని వెనక చెత్త బండి, ఆ వెనక ట్యాంకు. నేరాలకి స్టార్లు పడితే పోలీసులు ఐస్‌క్రీమ్ బండిలో దిగారు. ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్‌కి వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాళ్ళు ఒడియాలో సగం, తెలుగులో సగం అరుస్తూ కూర్చున్నారు. బైండింగ్ మర్నాటికి పోయింది, నాకేం, డబ్బు ముందే తీసుకున్నాను.

కానీ అది నలుగురిలో కూర్చుని ఆడాల్సిందే. ఒక్కడివే ఆడితే తొందరగా చప్పబడిపోతుంది. వచ్చినదాన్ని చూసి నవ్వడం తప్ప నువ్వు చెయ్యాల్సిందేమీ అందులో ఉండదు. ఇంకో మాట, దానికి పీసీలో పాత 1.0 వెర్షనే కావాలి. తర్వాత అప్‌డేట్ అయినవాటి మీదా, కొత్త రీమాస్టర్ మీదా పెట్టి పని చెయ్యట్లేదని ఏడవొద్దు.

నీకు పనికొచ్చేది రెండో జాతి. ఎమరాల్డ్‌తో మొదలుపెట్టు. యూనివర్సల్ పోకెమాన్ రాండమైజర్ అని ఉంది, ఇప్పుడు చాలామంది వాడేది దాని జెడ్‌ఎక్స్ రకం. కంప్యూటర్లో జావా ఉంటే చాలు. నీ రోమ్ ఫైల్, అంటే గేము మొత్తం ఉన్న ఫైల్, ఇస్తే మార్చిన ఫైల్ బయటికి ఇస్తుంది. మొదట ఇచ్చే మూడు పోకెమాన్‌లు, గడ్డిలో తగిలేవి, ట్రైనర్ల దగ్గర ఉండేవి, దారిలో దొరికే వస్తువులు, ఏది కావాలంటే అది కలిపేయొచ్చు.

మా మేనల్లుడు ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. రూట్ 101 గడ్డిలో జిగ్జాగూన్, పూచియెనా, వర్మ్‌పుల్, ఇవి తప్ప ఇంకోటి రాదని వాడికి తెలుసు. ఈసారి ఆ గడ్డిలో కాలు పెట్టడానికి నిజంగా తటపటాయించాడు. రస్ట్‌బోరో దాకా ఎలాగో లాక్కొచ్చాడు. రాక్సేన్ బంతి విసిరితే రాయి వస్తుందని ఎదురు చూస్తున్నాం, గ్యాస్ట్లీ వచ్చింది. అది దెయ్యం జాతి, నార్మల్ దాడి దాన్ని అంటుకోదు. వీడి జట్టులో అన్నీ నార్మల్ దాడులే. చాలాసేపు తెరకేసి చూశాడు, తర్వాత బ్యాగు తెరిచి ఉన్న టీఎమ్‌లన్నీ, అంటే కొత్త దాడులు నేర్పే వస్తువులన్నీ, ఒక్కొక్కటే చదవడం మొదలెట్టాడు. అన్నేళ్ళు ఆడిన గేములో వాడు టీఎమ్ వివరణ చదవడం నేను అదే చూడ్డం.

సెట్టింగుల్లో మూడు మాత్రం మర్చిపోకు. అడవి పోకెమాన్‌లకి సమాన బలం ఉన్నవే మార్చే ఎంపిక పెట్టు, లేకపోతే మొదటి గడ్డిలోనే మహా బలమైన రేక్వాజా తగిలి మజా పోతుంది. హెచ్‌ఎమ్‌లన్నీ, అంటే అడ్డంకులు దాటించే విద్యలన్నీ, ఏ పోకెమాన్ అయినా నేర్చుకునేలా పెట్టు. జట్టులో ఒక్కదానికీ నీళ్ళు దాటించే సర్ఫ్ రాకపోతే సముద్రం ఒడ్డునే కూలబడతావు. చేతులు మారితే తప్ప ఎదగని కడాబ్రా లాంటివి లెవెల్‌తోనే ఎదిగేలా పెట్టు.

రోమ్ లింకులు ఇక్కడ అడగొద్దు, నేనివ్వను.

సిరొంచ_ప్రాణహిత:

అన్నా, నేను కొంచెం అడ్డం మాట్లాడతా, ఏమనుకోకండి. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మా దగ్గర నెట్‌వర్క్ వచ్చిందే పండగ కాబట్టి డౌన్‌లోడ్ చేసే ప్రతిదానికీ పదిసార్లు ఆలోచిస్తా.

నాకు రాండమైజర్ ఎక్కలేదు. మైన్‌క్రాఫ్ట్‌లో ఆడిన. సెత్‌బ్లింగ్ అని యూట్యూబ్‌లో ఉంటాడు, ఆయన చేసిన పైథాన్ స్క్రిప్ట్ లూట్ టేబుల్స్, అంటే ఏది కొడితే ఏం వస్తదో చెప్పే పట్టికలు, అన్నీ కలిపేస్తుంది. మట్టి తవ్వితే ఇంకేదో, ఆకు కొడితే మరేదో. మొదట గమ్మత్తుగా ఉంటది. తర్వాత చేసే పనేంది? కనబడ్డ బ్లాకునల్లా కొట్టి ఏం వస్తదో చూసుడు. అది ఆట కాదు, గోదాంలో సరుకు లెక్క.

కొత్తదనమే కావాలంటే ప్రతిసారీ కొత్తగా తయారయ్యే రోగ్‌లైక్ గేములు ఆడొచ్చు కదా. స్పెలంకీ పాత వెర్షన్ 2008లో ఉచితంగా వచ్చింది, ఎంత పాత మిషన్ మీదైనా నడుస్తది. ఆడిన ప్రతిసారీ గుహ కొత్తగా తయారైతది. పాత ఇల్లే సర్దుకుని కొత్త ఇల్లు అనుకునుడు ఎందుకు?

బరంపురం_సీఎస్:

సిరొంచ అన్నయ్యా, మీ మాటలో సగం ఒప్పుకుంటాను. మైన్‌క్రాఫ్ట్‌లో ఏది ఎక్కడుందో ఊహించడానికి ఆధారం ఉండదు, కొట్టి చూడాల్సిందే. కానీ స్పెలంకీకీ రాండమైజర్‌కీ పోలిక సరిపోదు. స్పెలంకీలో ఆ గుహ ఎవరికీ తెలీదు. రాండమైజర్‌లో చోట్లన్నీ మీకు తెలుసు, దారులు తెలుసు, ఏ తలుపుకి ఏం కావాలో తెలుసు. తెలియనిదల్లా ఏది ఎక్కడ పెట్టారన్నదే. పాత గేము కంఠతా వచ్చినవాడికే అందులో పని ఉంటుంది. గేము కొత్తవాడు రాండమైజర్ మొదలెడితే ఏమీ అర్థం కాదు.

బుజ్జి గారు తాళం చెవి గురించి అడిగారు. అసలు విషయం అక్కడే ఉంది. మంచి రాండమైజర్ వస్తువుల్ని ఊరికే చల్లదు. 1991లో వచ్చిన జెల్డా, ఎ లింక్ టు ద పాస్ట్, దాని రాండమైజర్ తీసుకోండి. వస్తువులు దొరికే చోట్లు 216. వాటిలో ఏది ఎక్కడ పెట్టాలో ఇలా తేలుస్తుంది. ముందు మీ దగ్గర అన్నీ ఉన్నాయనుకుంటుంది. అందులోంచి ఒకటి, గొలుసుతో అవతలికి లాక్కెళ్ళే హుక్‌షాట్ అనుకోండి, తీసేస్తుంది. అది లేకుండా మిగతావాటితో మీరు ఎక్కడెక్కడికి వెళ్ళగలరో చూసి, ఆ ఖాళీ చోట్లలో ఒకదాంట్లో హుక్‌షాట్ పెడుతుంది. తర్వాత సుత్తి తీస్తుంది. ఇంకా పెట్టకుండా మిగిలినవాటితో ఎక్కడికి వెళ్ళగలరు, ఆ దారిలో ఇప్పటికే పెట్టినవి ఏమైనా దొరుకుతాయా అని మళ్ళీ లెక్కేసి సుత్తికి చోటు చూస్తుంది. ఇలా ముఖ్యమైనవన్నీ అయ్యేదాకా. దీన్ని అస్యూమ్డ్ ఫిల్ అంటారు. కాబట్టి తాళం చెవి తన గదిలో తానే పడదు. ఏ సీడ్ (ఒక్కో అమరికకి ఉండే నంబరు) తీసుకున్నా పూర్తి చెయ్యడానికి దారి ఉండి తీరుతుంది.

ఆ భరోసా ఉంది కాబట్టే మనం తర్కించగలం. నేను ఆడిన ఒకదాంట్లో ఫ్లిప్పర్స్ లేవు, ఈదలేను. వెళ్ళగలిగిన చోట్లన్నీ అయిపోయాయి, మిగిలింది జోరా రాజు ఒక్కడే. మామూలు గేములో 500 రూపీలు (ఆ గేములో డబ్బు) తీసుకుని ఫ్లిప్పర్స్ ఇచ్చేది వాడే. ఇక్కడ ఏమిస్తాడో తెలీదు. గడ్డి కోసి, కుండలు పగలగొట్టి, ఎలాగో 500 పోగేసి ఇచ్చాను. చేతిలో పెట్టింది ఏంటో తెలుసా, 20 రూపీలు. ఒళ్ళు మండింది. సరే, ఆట పూర్తయ్యే దారి ఉండాలి కదా, మరి నేను చూడని చోటేది అని మొదటినుంచీ తలుచుకుంటూ వస్తే కాకరీకో ఊళ్ళో మంచం పట్టిన కుర్రాడు గుర్తొచ్చాడు. సీసా తీసుకెళ్తే వాడు ఒక వస్తువు ఇస్తాడు. సీసా నా దగ్గర ఎప్పుడో ఉంది. ఫ్లిప్పర్స్ వాడి దగ్గరే ఉన్నాయి. పాత గేములో వాడిచ్చేది పురుగులు పట్టే వల, అందుకని వాడి మొహం చూడ్డం ఎప్పుడో మానేశాను.

ఇలాంటిది ఇంకోటి. మూడు లాకెట్లూ సంపాదిస్తే తప్ప అడవిలో పీఠం మీద ఉన్నది చేతికి రాదు. కానీ ముడోరా పుస్తకం దొరికితే, అక్కడికెళ్ళి చదివి అది ఏంటో ముందే కనుక్కోవచ్చు. దానికోసం అంత కష్టపడాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవచ్చు. అసలు గేములో ఆ పుస్తకానికి ఇలాంటి పని లేదు.

పాతపట్నం బావగారి విషయం. ఒకే సెట్టింగులు, ఒకే సీడ్ ఇద్దరూ వాడితే ఇద్దరికీ అచ్చం ఒకే గేము వస్తుంది, పందెం వేసుకోవచ్చు. కలిసి ఆడాలంటే, వేర్వేరు గేముల వస్తువుల్ని ఒకదాంట్లోకి ఒకటి కలిపే ఆర్కిపెలగో ఉంది. అందులో మీరు ఎమరాల్డ్ ఆడుతుంటే ఆయన జెల్డా ఆడొచ్చు. ఆయన హుక్‌షాట్ మీ ఎమరాల్డ్ ప్రపంచం హోయెన్‌లో ఏదో పోకే బాల్‌లో ఉంటుంది, మీ సర్ఫ్ ఆయన పెట్టెలో ఉంటుంది. మీరు అది తీసేదాకా ఆయన ఆగాల్సిందే. గొడవలు గ్యారంటీ.

సిరొంచ_ప్రాణహిత:

చెల్లె చెప్పిన జోరా రాజు కథ బాగుంది. జెల్డా నేను చిన్నప్పుడు ఆడలేదు కాబట్టి నాకు లాభం లేదు. కాంట్రాకి ఇట్లాంటిది ఉంటే చెప్పండి, అది మాత్రం నాకు కంఠతా.

గుణుపురం_జెరాక్స్:

కాంట్రాలో వెతుక్కోడానికి ఏముంది బాబూ, కుడివైపు పరిగెత్తడమేగా. దారులు చీలి, వెనక్కీ ముందుకీ తిరిగే గేములకే ఇది పండుతుంది. మెట్రాయిడ్, జెల్డా, హాలో నైట్, అలాంటివి. సూపర్ మెట్రాయిడ్‌నీ ఈ జెల్డానీ కలిపి ఒకే గేముగా చేసింది కూడా ఉంది. ఇందులో తలుపు తీస్తే అందులో తేలతావు. నేనింకా అంత దూరం పోలేదు.

పర్లాకిమిడి_బుజ్జి:

అందరికీ చాలా థ్యాంక్స్. గుణుపురం అన్నయ్య చెప్పిన మూడు సెట్టింగులూ పెట్టి ఎమరాల్డ్ మొదలెట్టాం. బావకి సీడ్ పంపాను, రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం ఒకేసారి స్టార్ట్. బ్యాగు తెరిస్తే మొదట ఇచ్చే మూడింట్లో ఒకటి మాజికార్ప్, మొదట్లో ఎందుకూ పనికిరాని చేప. నేను దాని జోలికి పోలేదు. బావ మాత్రం ఏమాత్రం ఆలోచించకుండా దాన్నే తీసుకున్నాడు. ఏంట్రా అంటే, నువ్వు చూస్తూ ఉండు అన్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

తర్వాత చూస్తే ప్రతి జిమ్ ముందూ సరిగ్గా కావాల్సిన పోకెమాన్‌తోనే దిగుతున్నాడు. నేను డ్యూఫోర్డ్ జిమ్‌లో బ్రాలీ చేతిలో తన్నులు తింటుంటే వాడు ఫోన్‌లో ఈల వేస్తున్నాడు. రాండమైజ్ చేశాక లాగ్ ఫైల్ సేవ్ చెయ్యాలా అని అడుగుతుంది కదా, అందులో ఏది ఎక్కడుందో అంతా రాసి ఉంటుంది. వాడు అది తెరిచే ఉంటాడు. ఒట్టు వెయ్యమంటే మాట మారుస్తున్నాడు. అక్క మొగుడు, గట్టిగా అనడానికీ లేదు. లాగ్ రాకుండా చేసే ఉపాయం ఉందా?

బరంపురం_సీఎస్:

ఇప్పుడు ఆడుతున్న ఎమరాల్డ్ సీడ్ ఆయన దగ్గరుంది కాబట్టి లాగ్ చూడకుండా మీరు ఆపలేరు. జెల్డాకి మారండి. ఆ రాండమైజర్ సైటులో రేసు కోసం తయారుచేసే ఎంపిక ఉంది, అందులో స్పాయిలర్ లాగ్ ఎవరికీ ఇవ్వరు. ప్యాచ్, అంటే రోమ్‌ని మార్చే పని, బ్రౌజర్‌లోనే అయిపోతుంది, కాకపోతే జపాన్‌లో వచ్చిన 1.0 రోమ్ మీ దగ్గర ఉండాలి. లింక్ ఇద్దరూ ఒకేసారి తెరవండి.

గుణుపురం_జెరాక్స్:

జెల్డా ఇద్దరికీ కొత్తయితే ముందు మామూలు గేము ఒకసారి పూర్తి చెయ్యండి, లేకపోతే మంచం పట్టిన కుర్రాడు మీకూ గుర్తు రాడు. ఈలోపు ఆ ఎమరాల్డ్ పందెం వదలకు బుజ్జీ. బ్రాలీ దగ్గర ఏమేం ఉన్నాయో ఓడిపోయి తెలుసుకున్నావుగా, దానికి తగ్గది రూట్ 106లో చేప గాలం వేసి చూడు. అక్కడా అన్నీ మారిపోయి ఉంటాయి.