భుజం స్కాన్‌లో "కొత్త రక్తనాళాలు" అని రాశారు, భయపడాలా?

మా అమ్మకి 58 ఏళ్లు, నాలుగు నెలలుగా కుడి భుజం నొప్పి. జడ వేసుకోవాలన్నా, పై అరలో పోపుల డబ్బా అందుకోవాలన్నా చెయ్యి సగం లేచి ఆగిపోతుంది, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేదు. మొన్న అల్ట్రాసౌండ్ తీయిస్తే సుప్రాస్పైనేటస్ టెండన్ (భుజం పైన కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ) మందంగా ఉంది, చిరుగు లేదు, డాప్లర్‌లో (రక్తం పారడాన్ని రంగులో చూపే స్కాన్) నియోవాస్కులారిటీ, అంటే కొత్త రక్తనాళాలు, ఉంది అని రాశారు. స్క్రీన్ మీద నేనూ చూశాను, బూడిద రంగు పట్టీ మధ్యలో ఎర్రటి చుక్కలు మినుకుమంటున్నాయి. "కొత్త నరాలు పుట్టాయంటే లోపల గడ్డే" అని అమ్మ ఒకటే టెన్షన్. సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

జవాబు 1
నేను ఫిజియోని. ముందు అమ్మగారికి ఒకటి చెప్పండి, మన వాడుకలో టెండన్, రక్తనాళం, నాడి మూడూ నరమే, భయం అక్కడే మొదలవుతుంది. రిపోర్టులో ఉన్నది గడ్డ కాదండీ. ఆరోగ్యంగా ఉన్న టెండన్‌లో రక్తప్రసరణ తక్కువ, డాప్లర్‌లో దాదాపు ఏమీ కనపడదు. వాడి వాడి పోగులు దెబ్బతిన్నప్పుడు శరీరం బాగుచేసుకునే ప్రయత్నంలో సన్నటి నాళాలు మొలుస్తాయి, వాటి వెంటే నాడులూ వస్తాయి. నొప్పి అక్కడినుంచే అనుకుని స్వీడన్‌లోని ఉమియోలో పరిశోధకులు ముందు మడమ టెండన్‌కి, తర్వాత 2006 నాటికి భుజానికి కూడా ఆ నాళాలు మూసుకుపోయేలా పోలిడోకనాల్ అనే మందు ఇంజెక్షన్లు ఇచ్చి చూశారు. కానీ భుజంలో లెక్క అంత సూటిగా లేదు, ఏ నొప్పీ లేనివాళ్లలోనూ ఇవి కనపడతాయి, నొప్పితో అల్లాడేవాళ్లలో కొందరికి కనపడవు. నేనైతే రంగు చూడను, చెయ్యి ఎంత లేస్తోందో చూస్తాను.

జవాబు 2
స్కాన్ సెంటర్‌లో పనిచేస్తాను. ప్రోబ్ (చర్మానికి ఆనించే స్కాన్ పరికరం) కాస్త గట్టిగా నొక్కినా, చెయ్యి వెనక్కి పెట్టించి టెండన్ బిగిసినా ఆ చుక్కలు మాయమవుతాయి. అందుకే వచ్చేసారి "తగ్గింది" అని రాసినా "పెరిగింది" అని రాసినా దాన్నే పట్టుకుని కూర్చోకండి.

జవాబు 3
మా అత్తయ్యకీ అచ్చం ఇదే రిపోర్టు. ఫిజియో నేర్పిన వ్యాయామాలు, మొదట ఉత్త చేత్తో, తర్వాత అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని, మూడు నెలలు వదలకుండా చేసింది. ఇప్పుడు బట్టలు తనే తీగ మీద ఆరేస్తోంది. షుగర్ కూడా చూపించండి, షుగర్ ఉన్నవాళ్లకి భుజం బిగుసుకుపోవడం ఎక్కువ.

అడిగినవారు
షుగర్ ఉందండీ, ఆరేళ్లుగా, ఇక్కడ రాయడం మర్చిపోయాను. సోమవారం ఆ రిపోర్టులు కూడా పట్టుకెళ్తాను. నరం సంగతి అమ్మకి చదివి వినిపించాను, రెండోసారి చదవమంది.