గ్రాహకం పట్టుకుంటుందా, గ్రహిస్తుందా?

సూజన్ లీమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పరిశోధన గురించి తెలుగులో రాస్తున్నాను. రెండు మాటల దగ్గర కలం ఆగింది. న్యూరోపెప్టైడ్ ఒకటి, అంటే నాడీకణాలు కబురు పంపడానికి వాడే చిన్న అమైనో ఆమ్లాల గొలుసు. ఆ కబురు అందుకునే కణం మీది రిసెప్టర్ ఒకటి.

ముందు కథ చెబితేనే నా ఇబ్బంది అర్థమవుతుంది. ఆవిడ మొదట వెతికింది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని కదిలించే ఒత్తిడి హార్మోన్ కోసం. మెదడులో హైపోథాలమస్ అనే భాగం నుంచి తీసిన సారం ఎక్కిస్తే ఎలుకలకు చొంగ కారడం మొదలైంది. ఆవిడ వెతుకుతున్నది అది కాదు. అయినా వదల్లేదు, చొంగ వెంటే పడ్డారు. తీరా చూస్తే అది 1931లో ఫాన్ ఆయిలర్, గాడమ్ గుర్రం మెదడులో, పేగుల్లో కనిపెట్టిన 'సబ్‌స్టెన్స్ పి'. అన్నేళ్లూ ఎవరికీ శుద్ధంగా చిక్కలేదు. 11 అమైనో ఆమ్లాల గొలుసని 1971లో తేలింది. 1973లో 13 అమైనో ఆమ్లాల న్యూరోటెన్సిన్ కూడా వాళ్ల ల్యాబ్‌లోనే బయటపడింది. మొదట వెతికిన హార్మోనేమో 1981లో ఇంకొకరి ల్యాబ్‌లో దొరికింది!

ఇప్పుడు నా ప్రశ్న. 'నాడీ పెప్టైడ్' అంటే చేయి పట్టుకుని చూసే నాడి గుర్తుకు రాదా? 'నర పెప్టైడ్' అందామా?

▪ 'నర' వద్దండి. నర్సు "నరం దొరకట్లేదు" అంటే ఆమె వెతికేది సిర. నరం అంటే మనకు రక్తనాళమూ అదే, నెర్వూ అదే. నాడీ వ్యవస్థ అన్న మాట బడి పుస్తకాల వల్ల అలవాటైంది కాబట్టి నాడీ కొంత నయం. నన్నడిగితే న్యూరోపెప్టైడ్ అనే ఉంచేయండి, హార్మోన్‌ని అలాగే ఉంచుకున్నాం కదా.

▪ సరే, అది ఒప్పుకున్నా. రిసెప్టర్‌కి 'గ్రాహకం' ఉంది గానీ, వచ్చింది పుచ్చుకుని ఊరుకునేదానిలా వినిపిస్తోంది. పైగా కంటిలో, చర్మంలో ఉండేవీ గ్రాహకాలే. తాళం, తాళంచెవి అని పోలిక చెప్పనా?

▪ ఆ పోలిక 1894లో ఎమిల్ ఫిషర్ ఎంజైముల గురించి చెప్పింది. తెలుగులో పెట్టారంటే గొడవే. "తాళాలెక్కడ పెట్టావ్?" అని అడిగితే మా ఇంట్లో తాళంచెవులు తెచ్చిస్తారు. తాళానికేమో తాళంకప్ప అంటారు. ఏది హార్మోనో ఏది గ్రాహకమో పాఠకుడికి తెలిసేదెలా?

గ్రాహకం మీద మాత్రం మీ మాట ఒప్పుకోను. గ్రహించడం అంటే పట్టుకోవడమే కాదు, తెలుసుకోవడం కూడా. "నేను గ్రహించలేదు" అంటాం కదా, అక్కడ చేత్తో పట్టుకునేది ఏముంది? కణం పైనున్న గ్రాహకమూ ఇంతే. హార్మోన్‌ని పట్టుకుంటుంది, ఆకారం మార్చుకుంటుంది, లోపలికి కబురు అందిస్తుంది. పట్టుకోవడం సగం పనే. లాటిన్ నుంచి వచ్చిన రిసెప్టర్‌లో ఉన్నది పుచ్చుకోవడమే, ఈ రెండో సగం లేదు. ఈ ఒక్క చోట మన మాటే బాగుందంటాను.

మీ కథలోనే ఉదాహరణ ఉంది. సబ్‌స్టెన్స్ పి గ్రాహకం పేరు ఎన్‌కే1. కీమోథెరపీలో వాంతులు రాకుండా ఇచ్చే అప్రెపిటాంట్ వెళ్లి దాన్నే ఆక్రమిస్తుంది. గ్రాహకం ఆ మందును పట్టుకుంటుంది గానీ ఏమీ గ్రహించదు, లోపలికి కబురు వెళ్లదు. అసలు పెప్టైడ్‌కి చోటే దొరకదు. ఈ తేడా ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ఒక పేరా పడుతుంది.

▪ 'పట్టుకుంది, గ్రహించలేదు'. వాడేసుకుంటాను, అనుమతి ఇచ్చినట్టేనా? ఇంకొక్కటి. సబ్‌స్టెన్స్ పిలో పి అంటే పెయిన్ అని రాశాను.

▪ వాడుకోండి. కానీ ఆ పెయిన్ కొట్టేయండి. నొప్పి కబురు మోస్తుంది కాబట్టి అందరూ అలాగే అనుకుంటారు. పి అంటే పౌడర్. సారాన్ని ఎండబెడితే మిగిలిన పొడికి పెట్టుకున్న గుర్తు.

▪ అయితే 'పదార్థం పి' అని తెలుగు చేసినా ఇబ్బంది లేదన్నమాట. పొడిలోనూ ప ఉంది.